కీసర టేపు, నందిగామ పప్పు

మా అమ్మ ఫోన్లో ‘విన్నారా’ యాప్ ఎక్కించింది నా భార్య సింధూర. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగినవాటన్నిటికీ ఇంట్లో మాటలు పడింది మాత్రం నేను.

యాప్ మంచిదే. ఒకప్పుడు పల్లెల్లో తిరిగి పాటలూ కబుర్లూ రికార్డు చేసుకెళ్లిన టేపులు ఎక్కడెక్కడి బీరువాల్లోనో మూలుగుతుంటే, ఎవరో ఓపికమంతులు వాటిని బాగుచేసి అందులో పెట్టారు. ఎవరైనా వినొచ్చు. ఈ గొంతు ఫలానా ఆమెది, ఈ మాటకు అర్థం ఫలానా అని తెలిసినవాళ్లు రాయొచ్చు, తమకు వచ్చింది పాడి కలపొచ్చు. మనం రాసింది మొదట బూడిదరంగులో కనిపిస్తుంది. తెలిసినవాళ్లు ఇంకొకరు అవునని ఒప్పుకుంటే నల్లబడుతుంది.

జగ్గయ్యపేటలో మాకు పురుగుమందుల కొట్టుంది. కొట్టు నాది, పెత్తనం మా అమ్మ పుష్పవతిది. అరవై దాటిన ఆవిడ ఊరికే కూర్చోలేదు, కూర్చోబెడితే మమ్మల్ని కూర్చోనివ్వదు. అందుకని సింధూర తెలివిగా ఆ యాప్ చేతిలో పెట్టింది. వారం రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంది. అమ్మ ఊళ్లవాళ్ల దంపుళ్ల పాటలన్నీ విని, ‘ఇది తప్పు పాడారు’ అని వరసగా రాసుకుంటూ పోయింది. ఎనిమిదో రోజు పొద్దున్నే కొట్టుకు ఫోన్ చేసి, కస్టమర్లున్నారన్నా వినకుండా, “ఒరేయ్ సతీషూ, మా అన్నయ్య పెళ్లి దొరికిందిరా!” అని కేకేసింది.

నిజంగానే దొరికింది. 1979 ఎండాకాలం, నందిగామ దగ్గరి కీసర. మా మేనమామ దశరథరామయ్యకూ సామ్రాజ్యానికీ పెళ్లి. యూనివర్సిటీ నుంచి టేప్ రికార్డర్ పట్టుకొచ్చిన ఒకాయన ఆ పెళ్లిలో పాటలు ఎక్కించుకున్నాడు. ఆ సామ్రాజ్యం అమ్మకు వదిన, నాకు అత్త. వాళ్లమ్మాయి సింధూరనే నేను చేసుకున్నాను కాబట్టి నాకు రెండు విధాలా అత్త. అంటే ఈ గొడవలో రెండు పక్షాలూ నావే. ఇలాంటివాడికి మాట్లాడే హక్కు ఉండదు, కారు నడిపే పని మాత్రం ఉంటుంది.

టేపులో ఉన్నది బంతి పాట. మా వైపు ఆ రోజుల్లో మగపెళ్లివారు భోజనాల బంతికి కూర్చోగానే, ఆడపెళ్లివారి ఆడవాళ్లు గుమ్మంలో చేరి వియ్యపురాలిని పేరు పెట్టి ఎగతాళిగా పాడేవారట. పాటలు పాతవే, పేర్లు మాత్రం పెళ్లికీ పెళ్లికీ మారతాయి. వినేవాళ్లు కోపం తెచ్చుకోకూడదు. అలాగని ఊరుకోనూ కూడదు. వాళ్లలోనుంచి ఒకరు గొంతు సవరించుకుని జవాబు పాడాలి. పాడలేకపోతే ఓడినట్టు. ఆ ఓటమిని మనవళ్ల పెళ్లిళ్లలో కూడా గుర్తుచేస్తారు.

సామ్రాజ్యం అత్త వాళ్లమ్మ వెంకాయమ్మగారు ముందుండి పాడిన పాట అది. అందులో నాగరత్తమ్మ అంటే మా అమ్మమ్మ, పెళ్లికొడుకు తల్లి.

*బండి దిగకముందే బంతెక్కడందీ,*
*నాగరత్తమ్మొదిన నవ్వుతూ వచ్చిందీ,*
*గారెలు పెట్టామంటే గాలి మింగిందీ,*
*బూరెలు పెట్టామంటే…*

సరిగ్గా అక్కడ ఎవరో ఇత్తడి గుండిగ కింద పడేశారు. ఆ చప్పుడులో మిగతా మాటలు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ఆడవాళ్ల నవ్వులు, ఒక చిన్న దగ్గు. వెంటనే వెంకాయమ్మగారి గొంతు: “అయ్యా టేపు బాబుగారూ, మీరింకా తినలేదు. ఆకేసాం, ముందు లేవండి!” ఆపైన టక్కుమని శబ్దం. టేపు ఆగిపోయింది.

దాని కింద, ఆ యూనివర్సిటీ ఆయన అప్పట్లో రాసిపెట్టుకున్న మాటను యాప్ వాళ్లు ఉన్నదున్నట్టు అచ్చేశారు: ‘వరుడి వైపు నుంచి జవాబు రాలేదు.’

మా అమ్మకు అన్నం సహించలేదు.

“జవాబు రాలేదా? నేను పాడానురా! పదిహేడేళ్ల పిల్లని, ఊరు ఊరంతా చూస్తుంటే నిలబడి పాడా. వాళ్ల మొహాలు ఇంతింతయ్యాయి. ఆ దగ్గు ఎవరిదనుకున్నావ్? నాదే! గొంతు సవరించుకుంటుంటే ఆ మహానుభావుడు మిషను కట్టేసి గారెలు తినడానికి పోయాడు!”

“పోనీలేమ్మా, ఎప్పటి సంగతో…” అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“ఎప్పటిదో ఏంట్రా? ఇవాళ్టికీ లోకమంతా చదువుతోంది గదా, నాగరత్తమ్మ కూతురు నోరు మూసుకుని కూర్చుందని!”

లోకమంతా అంటే, యాప్ లెక్క ప్రకారం, అప్పటికి ఆ టేపు విన్నవాళ్లు ఒక బస్సుకు సరిపోతారు. అయితే వాళ్లు ఊరికే వినిపోలేదు. బెంగళూరు నుంచి ఎవరో ‘ఈ నాగరత్తమ్మగారికి నిజంగా అంత ఆకలి ఉండేదా?’ అని అడిగారు. ఇంకెవరో పాటకు ‘ఆహారం’, ‘కుటుంబ కలహం’ అని రెండు చీటీలు తగిలించారు. వియ్యపురాలి మీద ప్రేమతో పాడే పాటను పోలీసు కేసులా చదివేవాళ్లకు ఏం చెప్పగలం? మా అమ్మమ్మ పిట్టతిండి మనిషి. ఆవిడ ఇప్పుడు దేశం దృష్టిలో తిండిపోతు, ఆవిడ కూతురు మూగది.

అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని రాయడం మొదలుపెట్టింది. మొదట దగ్గు తనదని రాసింది. మా చుట్టాల్లో ఒకరు అవునన్నారు, పోటీకి వచ్చేవాళ్లు ఎవరూ లేరు, దాంతో రెండు రోజుల్లో నల్లబడింది. ‘దగ్గు: పుష్పవతి, జగ్గయ్యపేట.’ మా వంశంలో అచ్చులో పేరు పడిన మొదటి మనిషి మా అమ్మ. తర్వాత అసలు సంగతి రాసింది: ‘జవాబు వచ్చింది. నేనే పాడాను.’ అది మాత్రం బూడిదరంగులోనే ఉండిపోయింది. నాలుగో రోజున యాప్ తరఫున కృష్ణప్రియ అనే అమ్మాయి విజయవాడ నుంచి ఫోన్ చేసింది.

“అమ్మగారూ, మీ మాట మీద నమ్మకం లేక కాదండీ. మీ వైపు పాడారని మీ వైపువాళ్లే చెబితే ఎలాగండీ? ఆడపెళ్లివారి వైపు నుంచి ఆ రోజు అక్కడున్నవాళ్లు ఒక్కరు అవునంటే చాలు, మార్చేస్తాం. ఇంకోటండీ, ఆ జవాబు పాట మీరు పాడి పంపితే టేపు పక్కనే పెడతాం.”

అమ్మ ఫోన్ పెట్టేసి, గొంతు సవరించుకుంది. ఆ దగ్గు టేపులో దగ్గులాగే ఉంది, ఆ విషయంలో నాకు అనుమానం లేదు.

*పప్పు వడ్డించావా, మునేరు పారించావా,*
*వెంకాయమ్మొదినా, వంతెన మరిచావా…*

అక్కడ ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. అమ్మమ్మ తరఫున పాడింది కాబట్టి పాటలో వెంకాయమ్మగారు వదినే. కీసర పక్కనే మునేరు పారుతుంది కాబట్టి పప్పు నీళ్లనీళ్లగా ఉందన్న వెక్కిరింత అర్థమవుతూనే ఉంది. మిగిలిన రెండు చరణాలూ మాత్రం రాలేదు. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, రాత్రి మాత్రలు వేసుకుంటూ ఆ రెండు ముక్కలే అంది. విచిత్రమేమిటంటే వెంకాయమ్మగారు పాడిన పాట మొత్తం, గుండిగ చప్పుడులో పోయిన ముక్కతో సహా, ఆవిడకు పొల్లుపోకుండా వచ్చు.

“ఆ పోయిన ముక్క ఏంటత్తా?” అని సింధూర అడిగింది.

“చెప్పను,” అంది అమ్మ. “మా అమ్మను తిట్టిన పాట నేనెందుకు పూరించాలి?”

ఎవరు ఎవర్ని ఏమన్నారో అన్నవాళ్లకు గుర్తుండదు, పడ్డవాళ్లకే ఉంటుంది. ఆ లెక్కన అమ్మ పాడిన జవాబు పూర్తిగా గుర్తుండాల్సిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ నందిగామలో ఉంది. ఆడపెళ్లివారి వైపు ఆ రోజు అక్కడుండి, ఇప్పటికీ మిగిలినది కూడా ఆవిడొక్కతే. పెళ్లికూతురు సామ్రాజ్యం.

సామ్రాజ్యం అత్త ఆ పది రోజులూ మహా సంతోషంగా ఉంది. రోజూ పొద్దున్నే చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆ టేపు పెట్టి, కింద ‘మధుర జ్ఞాపకాలు’ అని రాసి రెండు దణ్ణాలు పెడుతోంది. అమ్మ పంతం పక్కనపెట్టి ఫోన్ చేస్తే, స్పీకర్లో పెట్టించుకుని విన్నాను.

“జవాబా? ఏమోనే పుష్పా, నాకేం గుర్తు! పెళ్లికూతుర్ని, తలొంచుకుని కూర్చున్నా. నాకేం వినబళ్లా,” అంది అత్త. ఆ వెంటనే, “ఆ బూరెల ముక్క ఏంటో నీకు గుర్తుందా? మా అమ్మ పాట సగంలో తెగిపోయింది, ప్రాణం ఉసూరుమంటోంది,” అంది.

“నాకేం వినబళ్లా వదినా,” అంది అమ్మ. “గుండిగ పడింది గదా.”

వాళ్లిద్దరూ ఒకర్నొకరు మర్యాదగా క్షేమసమాచారాలు అడిగి ఫోన్ పెట్టేశారు. వాళ్లు తిట్టుకుంటే భయం లేదు. మర్యాదగా మాట్లాడుకుంటే మాత్రం నాకూ సింధూరకూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆ రాత్రి “మీ అమ్మకు గుర్తుంది” అని నేనూ, “మీ అమ్మకు మాత్రం లేదా” అని తనూ అనుకుని, చెరో పక్కకు తిరిగి పడుకున్నాం.

ఆదివారం అమ్మే మా ఇద్దర్నీ బయల్దేరదీసింది. హైవే మీద నందిగామ దాకా ఆవిడది అదే పాట. వెనక సీట్లో కూర్చుని ‘వంతెన మరిచావా’ దగ్గర ఆగిపోతూనే ఉంది. అద్దంలో చూశాను. కోపం కాదది. పదిహేడేళ్లప్పుడు తను చేసిన ఒక గొప్ప పని ఇప్పుడు తనకే పూర్తిగా గుర్తు రావడం లేదని, ఇంకెవరూ చెప్పకపోతే అది జరగనట్టే పోతుందని ఆవిడకు భయం పట్టుకుంది. నాకు జాలేసింది.

మావయ్యావాళ్ల ఇల్లు గాంధీ సెంటర్ వెనక సందులో. దశరథరామయ్య మావయ్య చెవిలో మిషన్ పెట్టుకుంటాడు. ఇంట్లో వాతావరణాన్ని బట్టి దాన్ని తీసి జేబులో వేసుకుంటాడు. మమ్మల్ని చూడగానే జేబులో వేసుకున్నాడు.

భోజనాలకు కూర్చున్నాం. మా అత్తగారింటి పప్పు గురించి ఇక్కడ చెప్పాలి. అందులో గరిటె గుచ్చితే నిలబడుతుంది. ముద్దపప్పు అయితే సరే, టమాటా పప్పు, దోసకాయ పప్పు, గోంగూర పప్పు ఏదైనా అంతే. విస్తట్లో పెట్టింది పెట్టినచోటే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో మా ఇంట్లో సింధూర కూడా అలాగే చేస్తే, వాళ్లింటి రుచి కాబోలనుకుని నోరెత్తకుండా తిన్నాను. ఇప్పటికీ తింటున్నాను.

ఆ రోజు దోసకాయ పప్పు. అత్త గరిటెతో తీసి అమ్మ విస్తట్లో వేసింది. అది దిగడానికి కాస్త సమయం తీసుకుంది. అమ్మ దాన్ని చూసింది. వేలితో నొక్కి చూసింది. మెల్లగా తలెత్తింది.

“వదినా, ఎన్నేళ్లుగా ఇలా చేస్తున్నావే పప్పు?”

“ఎప్పుడూ ఇంతేగా.”

“మీ అమ్మ ఇలా చేసేది కాదు. వెంకాయమ్మత్త పప్పు పల్చగా ఉండేది. ఆ పెళ్లిలో తిన్నాను గదా నేను. నీకెవరు నేర్పారు ఇంత గట్టిగా చెయ్యడం?”

అత్త గరిటె గిన్నెలో పెట్టేసి, పచ్చడి జాడీ మూత సరిచేసింది. సరిగ్గా ఉన్న మూతనే సరిచేసింది.

“ఏమీ వినబళ్లా అన్నావు. తలొంచుకు కూర్చున్నా అన్నావు,” అంది అమ్మ. “నేను పాడకపోతే, నువ్వు వినకపోతే, కాపరానికొచ్చిన రోజు నుంచి ఇవాళ్టిదాకా ఒక్కపూటన్నా ఎందుకే పల్చగా చెయ్యలేదు?”

అమ్మ గొంతుకు మిషన్ అవసరం లేదు. ఈసారి మావయ్య జేబులోంచి మిషన్ తీసి చెవిలో పెట్టుకున్నాడు.

“నేనూ అదే అడుగుతున్నా ఇన్నేళ్లుగా,” అన్నాడు. “నాకు పల్చటి పప్పే ఇష్టమే. అడిగిన ప్రతిసారీ మొహం మాడ్చుకునేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.”

నేను సింధూర వంక చూశాను. తను తన విస్తట్లో పప్పు వంక చూస్తోంది. పాపం, తనకూ అప్పుడే తెలిసింది.

అత్త మొదట నవ్వాపుకుంది. ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, నవ్వి, కళ్లు తుడుచుకుని, కూర్చున్నచోటే గోడకు ఆనుకుని అందుకుంది. వినబడలేదన్న మనిషికి వరస కూడా తప్పలేదు.

*పప్పు వడ్డించావా, మునేరు పారించావా,*
*వెంకాయమ్మొదినా, వంతెన మరిచావా,*
*కందిబద్ద కనబడితే కబురంపించావా,*
*ఈదలేని వాళ్లకు ఇస్తరాకే పడవా?*

“ఇస్తరాకే పడవా!” అని అమ్మ తొడ చరిచింది. “అదేనే! అదే! ఆ మాటకే మీ మేనమామకు పొరమారింది!”

“ఆ మాటకే మా అమ్మ నెల రోజులు పప్పు వండలేదు,” అంది అత్త. “అత్తారింటికి పంపుతూ నా చెవిలో చెప్పిన మాట కూడా అదే. పప్పు గట్టిగా వండు, ఆ పిల్ల నోట్లో పడకు అని.” కాస్త ఆగి, “ఇంకోటుంది. చెబుతున్నా, మళ్లీ గ్రూపులో పెట్టకు. ఆ టేపాయన్ని భోజనానికి మా అమ్మ కావాలనే లేపింది. నువ్వు దగ్గడం చూసింది. ఈ పిల్ల మొదలుపెడితే మన పని అయిపోతుంది, ముందు ఆయనకి ఆకెయ్యండి అంది. నా పక్కనే నిలబడి అంది.”

అమ్మకు కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. పాడకముందే తనకు భయపడ్డారన్న మాట అంతకన్నా గొప్పది కదా.

అత్త మాత్రం అప్పటికే నవ్వడం మానేసింది. విస్తరి అంచు మడుస్తూ కూర్చుంది.

“మా అమ్మను పేరు పెట్టి వెక్కిరించి ఎన్నేళ్లయిందే పుష్పా. తద్దినం నాడు పంతులుగారు తప్ప ఆ పేరెత్తేవాళ్లే లేరు. ఇప్పుడు నేనే పాడుతుంటే ఆవిడ గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డట్టే ఉంది.” కొంగుతో కళ్లొత్తుకుంది. “రేపు నేను పోతే నా పేరు పెట్టి పాడేదెవరు? ఇప్పుడన్నీ డీజేలాయె.”

అమ్మ ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని వదిన పక్కకు జరిగింది.

“మా అమ్మ నిజంగానే బూరెలు దోపిందే,” అంది మెల్లగా. “మీ అమ్మ పాట అబద్ధం కాదు. ‘బూరెలు పెట్టామంటే బొడ్లో దోపిందీ.’ గుండిగ చప్పుడులో పోయిన ముక్క అదే. మొదటి బంతిలో నాకు చోటు దొరకలా. ఆకలికి గొంతు లేవదని, రెండు బూరెలు బొడ్లో దోపి తెచ్చి నా చేతిలో పెట్టింది. అవి తినే నేను జవాబు పాడా.”

“అంటే మా బూరెలు తినే మా అమ్మను తిట్టావన్నమాట!”

“మరి మీ పప్పు తిని పాడగలమా?”

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. సింధూర ఈలోగా ఫోన్ తీసి యాప్ తెరిచి, ‘మీకు తెలిసింది కలపండి’ అన్నచోట వేలు పెట్టి సిద్ధంగా ఉంది. బూరెల ముక్క అమ్మ చేత పాడించింది. జవాబు అత్త చేత పాడించింది. తన తల్లిని తిట్టిన పాట తానే పాడి, అవును, ఆ రోజు ఇది జరిగిందని సామ్రాజ్యం అత్త సాక్ష్యం చెప్పింది. సింధూర నొక్కాల్సింది నొక్కింది.

“అయిపోయినట్టేనా?” అన్నాడు మావయ్య.

“ఎక్కడ, ఇంకా కాలేదు,” అంది అమ్మ. వదిన విస్తట్లో కదలకుండా కూర్చున్న పప్పు వంక ఒకసారి చూసి, గొంతు సవరించుకుంది. ఆ దగ్గు వినగానే అత్త సర్దుకుని కూర్చుంది.

*పప్పు వడ్డించావా, గోడ కట్టించావా,*
*సామ్రాజ్యమొదినా, గునపం తెప్పించావా…*

“ఓసి నీ నోరు పడ!” అంది అత్త. ఏడుపు పూర్తిగా ఆరని మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. తన పేరు పాటలో పడింది మరి. “టేపు ఆపకే సింధూరా, ఆపకు! ఎవర్నీ భోజనానికి లేపకండి!”

సింధూర ఆపలేదు. తర్వాత యాప్ వాళ్లు అడిగారు: వరుడి వైపు జవాబు రాలేదన్న పాత మాట తీసేసి, దాని స్థానంలో ఏం రాయమంటారు? ఒప్పుకున్నవాళ్లు ఒక వాక్యం చెప్పాలట. సామ్రాజ్యం అత్త చాలాసేపు ఆలోచించి, ఒక్కో మాటా పట్టి పట్టి చెప్పింది. సింధూర రాసింది. ఇప్పుడు కీసర టేపు కింద, నల్లని అక్షరాల్లో, అదే ఉంది:

‘జవాబు వచ్చింది. ఇంకా వస్తూనే ఉంది.’